మాల వేసుకునేవాళ్లు మానసిక వైద్యుడి మందులు వాడుతుంటే ఏం చేయాలి?

పీఠం_పనిమనిషి అడిగారు:

మా కాలనీ పీఠంలో ఈ కార్తీకానికి ముప్పై మంది దాకా అయ్యప్ప మాల వేసుకుంటున్నారు. అందులో నలుగురి ఇళ్లవాళ్లు ముందుగానే వచ్చి విడిగా మాట్లాడి వెళ్లారు. పేర్లు వద్దు, సంగతి మాత్రం రాస్తాను.

ఒకతనికి బైపోలార్ (మితిమీరిన హుషారు, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు). రోజుకి 900 మిల్లీగ్రాముల లిథియం వేసుకుంటాడు, రెండేళ్లుగా నిలకడగా ఉన్నాడు. రెండో ఆయనకి అరవై దాటాయి. భార్య పోయింది, సంవత్సరీకం కూడా అయిపోయింది, మనిషి మాత్రం కోలుకోలేదు. పొద్దున ఎస్సిటలోప్రామ్ (డిప్రెషన్‌కి), రాత్రి క్లోనజెపామ్ (ఆందోళన తగ్గి నిద్ర పట్టడానికి) వాడుతున్నారు. "నాకు దేవుడంటేనే ఏమీ అనిపించట్లేదు" అంటున్నారు, పిల్లలు మాత్రం మాల వేస్తే మనిషి మారతాడని పట్టుబడుతున్నారు. మూడో అతను రోజూ తాగుతాడు, పొద్దున లేవగానే ఒక గుక్క పడకపోతే చేతులు వణుకుతాయి. మాలే అతనికి మందు అని ఇంట్లోవాళ్ల నమ్మకం. నాలుగో అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు. శరణాలు చదువుతూ మధ్యలో అనుమానం వస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. గంటలో అయ్యే పూజకి మూడు గంటలు పడుతోంది.

మందు బిళ్ల వేసుకుంటే దీక్షకి భంగమా? ఒంటిపూట భోజనం, చన్నీళ్లు, తెల్లవారుజామున లేవడం, ఇవి మందులకి ఎక్కడ అడ్డం వస్తాయి? ఎవరిని ఈ ఏడాదికి వద్దనాలి? డాక్టర్ని అడగాలని తెలుసు. అక్కడ దొరికేది ఐదు నిమిషాలు. ఏం అడగాలో ముందే తెలిస్తే ఆ ఐదు నిమిషాలు పనికొస్తాయి కదా.

---

నీలిమల_నడక:

స్వామి శరణం. మొదటి ప్రశ్నకి జవాబు పాతదే. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పిన నీతుల్లో ఉంది:

అష్టౌ తాన్యవ్రతఘ్నాని ఆపో మూలం ఫలం పయః
హవిర్బ్రాహ్మణకామ్యా చ గురోర్వచనమౌషధమ్

వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. ఔషధం అన్నది పేరు పెట్టి మరీ చెప్పిన మాట. దాని పక్కనే గురువు మాట ఉంది చూడండి. గురుస్వామి "నువ్వు రెండు పూటలా తిను" అంటే అది కూడా వ్రతంలో భాగమే, మినహాయింపు కాదు.

పీఠాల్లో జరిగే పొరపాటు ఒకటుంది. మాల వేసే రోజు అందరికీ ఒకే నియమాలు గడగడా చదివేస్తాం. పదో రోజున ఒకతను నీరసపడితే అప్పుడు "నీకు సడలింపు" అంటాం. అతనికది ఓడిపోయినట్టు ఉంటుంది, పక్కవాళ్లు కూడా అలాగే చూస్తారు. అందుకని మందులు వాడేవాళ్ల నియమాలు మాల వేసే రోజునే, వాళ్లతో విడిగా కూర్చుని చెప్పేయండి. గోరువెచ్చని నీళ్ల స్నానం, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం కడుపు నిండా, నేల మీద చాప కింద ఒక దుప్పటి. వీటిలో ఏదీ తక్కువ దీక్ష కాదు. మొదటి రోజు ఒప్పుకున్నది నలభై ఒకటో రోజు దాకా నడిస్తే అదే పూర్తి మండలం. అంత వద్దనుకుంటే అర్ధమండలం ఉండనే ఉంది, 21 రోజులు.

ఇంకోటి, మాల వేసుకోనివాడికి పీఠంలో పని లేదనుకోవద్దు. ఆ పెద్దాయన సంగతి చదివితే నాకు అదే అనిపించింది. దాని గురించి తెలిసినవాళ్లు రాస్తారు.

---

మందుల_చీటీ:

ఫార్మసీ వైపు నుంచి రాస్తాను. నలుగురిలో లిథియం అతని మీద ముందు కన్నేయండి. మిగతావాళ్లకి ఉపవాసంతో నీరసం వస్తుంది. ఇతనికి అదే ఉపవాసంతో మందు విషమయ్యే వీలుంది.

ఎందుకంటే మన మూత్రపిండాలు లిథియాన్ని సోడియం లాగే చూస్తాయి. ఒంట్లో ఉప్పు, నీళ్లు తగ్గితే సోడియాన్ని వెనక్కి లాక్కుంటాయి. లాక్కునేటప్పుడు లిథియం కూడా వెనక్కి వచ్చేస్తుంది. మాత్ర ఒక్కటి కూడా ఎక్కువ వేసుకోకుండానే రక్తంలో మోతాదు పెరుగుతుంది. మామూలుగా రక్తంలో లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. మందుకీ విషానికీ మధ్య ఖాళీ అంతే.

ఇప్పుడు దీక్షలో ఏం జరుగుతుందో చూడండి. ఒంటిపూట తిండితో ఉప్పు సగమవుతుంది. కార్తీక సోమవారం నక్షత్రం చూసేదాకా ఉపవాసం. కొందరు ఆ రోజు నీళ్లు కూడా ముట్టరు. చప్పిడి తినే మొక్కు ఉంటే ఆ కాస్త ఉప్పూ పోయింది. టీ, కాఫీ మానేస్తారు. కాఫీ లిథియాన్ని కాస్త బయటికి పంపుతుంది కాబట్టి, రోజుకి నాలుగైదు కప్పులు తాగే మనిషి ఒక్కసారి మానేస్తే మోతాదు ఇంకొంచెం పైకి జరుగుతుంది. చివరికి కొండెక్కి చెమటోడ్చి, కాళ్లనొప్పులని దారిలో డైక్లోఫెనాక్ బిళ్ల వేసుకుంటారు. లిథియం వాడేవాళ్లకి అదే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసెక్లోఫెనాక్ రకాలన్నీ లిథియాన్ని ఒంట్లో నిలబెట్టేస్తాయి. నొప్పికి పారాసెటమాల్ ఒక్కటే. బీపీకి నీళ్ల బిళ్ల (థయజైడ్ రకం) కూడా ఉంటే అది డాక్టరుకి తప్పక చెప్పాలి.

అతను పాటించాల్సింది: రోజుకి రెండున్నర నుంచి మూడు లీటర్ల నీళ్లు, ఉపవాసం రోజున కూడా. ఉప్పు ఎప్పుడూ తినేంతే, తగ్గించొద్దు, ఒక్కసారిగా పెంచొద్దు కూడా. నిర్జల ఉపవాసం, చప్పిడి మొక్కు రెండూ వద్దు. లిథియం పరీక్ష మాల వేసే ముందు ఒకసారి, దీక్ష మొదలైన వారం పది రోజులకి ఒకసారి, యాత్రకి బయల్దేరే ముందు ఒకసారి. రక్తం తీయాల్సింది ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి. ల్యాబ్‌కి వెళ్లే ముందు పొద్దుటి మాత్ర వేసుకుని వెళ్తే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు అనవసరంగా మోతాదు తగ్గిస్తాడు, నెల తిరగకుండా జబ్బు తిరగబెడుతుంది. చిన్న తప్పే, తరచూ జరిగేదే.

ప్రమాదం ఎలా కనబడుతుందంటే, మామూలుగా ఉండే సన్న వణుకు పెద్దదవుతుంది, హారతి పళ్లెం నిలవదు. వాంతులు, విరేచనాలు, నడకలో తూలు, మాట ముద్దగా రావడం, మత్తు. పీఠంలో "ఉపవాసం నీరసం లే" అని పడుకోబెట్టేస్తారు. పడుకోబెట్టొద్దు. తర్వాతి మాత్ర ఆపి అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లి, లిథియం వాడుతున్నాడని మొదటి మాటగా చెప్పండి.

పెద్దాయన మందులు తేలిక. ఎస్సిటలోప్రామ్‌కి తిండితో పని లేదు, గుక్కెడు నీళ్లతో పొద్దున వేసుకోవచ్చు. ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో కళ్లు తిరగడం, తలలో చిన్న కరెంటు షాకుల్లాంటివి, చిరాకు మొదలవుతాయి. ఈయనకి తిండి తగ్గించి, "వేడి చేస్తుంది" అని నీళ్లు తెగ తాగించొద్దు. ఈ వయసులో ఈ రకం మందులతో సోడియం పడిపోయి అయోమయం వస్తుంది. లిథియం అతనికి చెప్పిన సలహా ఈయనకి పనికిరాదన్నమాట. క్లోనజెపామ్ రాత్రి పడిపూజ అయ్యాక 11కి వేసుకుని 4కి లేస్తే మత్తు దిగదు. తడి మెట్ల మీద పడేది అప్పుడే. ఎనిమిదిన్నరకే వేసుకుని పడుకోవాలి, ఐదున్నరకి లేవొచ్చు. నెలల తరబడి వాడుతున్నదాన్ని ఒకేరోజు ఆపితే ఫిట్స్ రావచ్చు.

మిగతా ఇరవై ఆరుగురిలో కూడా ఎవరైనా చెప్పకుండా మందులు వాడుతుండొచ్చు, కాబట్టి రెండు ముక్కలు. క్లోజాపిన్, ఓలాంజపిన్ (స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులకి ఇచ్చే మందులు) వాడేవాళ్లు బీడీ, సిగరెట్ తాగేవాళ్లయితే, మాల వేసి ఒక్కసారి మానేసిన వారం లోపే మందు మోతాదు ఒంట్లో బాగా పెరుగుతుంది. పొగలోని తారు కాలేయాన్ని తొందరపెట్టి ఈ మందుల్ని ఖర్చు చేయిస్తుంది, పొగ ఆగితే ఆ ఖర్చు ఆగుతుంది. పొగ మానడం మంచిదే, ముందుగా డాక్టరుకి చెప్తే మోతాదు సరిచేస్తాడు. రెండోది, క్లోజాపిన్ 48 గంటలు దాటి ఆగితే మళ్లీ పాత మోతాదు వేసుకోకూడదు, 12.5 మిల్లీగ్రాముల దగ్గర మళ్లీ మొదలుపెట్టాలి. ఇంకా అదే రకం మందులు లురాసిడోన్, జిప్రాసిడోన్ ఖాళీ కడుపుతో ఒంటికి పట్టవు. మొదటిదానికి 350, రెండోదానికి 500 క్యాలరీల భోజనం కావాలి. అటుకులు, అరటిపండు సరిపోవు. భిక్షతో పాటే వేసుకోవాలి.

---

శుద్ధి_మార్గం:

నలభై ఒక్క రోజులు స్వామిని నమ్ముకున్నవాడికి ఈ కెమికల్స్ ఎందుకండీ. మండలం పాటు మానితే ఒళ్లు శుద్ధి అవుతుంది. ఎంతమంది మారలేదు.

---

మందుల_చీటీ:

లిథియం ఒక్కసారిగా ఆపితే బైపోలార్ తిరగబెట్టే ప్రమాదం ఆ తర్వాతి నెలల్లోనే ఎక్కువ. అంటే మీ మండలం మధ్యలోనో, మాల తీసిన వెంటనేనో. పైన విదురుడి మాటలో ఎనిమిదోది మరోసారి చదవండి. షుగర్ ఉన్న స్వామిని ఇన్సులిన్ మానమని ఏ పీఠంలోనూ అనరు కదా.

---

ఆరో_వార్డు:

తాగే అతని గురించి ఎవరూ రాయలేదు. నలుగురిలో ప్రాణం మీదికి వచ్చేది ఇతనికే.

పొద్దున్నే గుక్క పడకపోతే చేతులు వణుకుతున్నాయంటే ఒళ్లు మద్యానికి అలవాటు పడిపోయింది. అలాంటి మనిషి మాల వేసుకున్న పొద్దున ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమట, గుండెదడ. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పుతుంది. లేని పురుగులు, పాములు కనిపిస్తాయి, ఎక్కడున్నాడో తెలియదు, జ్వరం వస్తుంది. పీఠంలో మూడో రోజు రాత్రి అలా అరిస్తే "స్వామి పూనాడు" అని ఒకరు, "దీక్ష తప్పాడు, శిక్ష పడింది" అని ఒకరు అంటారు. అది మద్యం విరమణ వల్ల వచ్చిన మతిభ్రమ. వైద్యం లేకపోతే చనిపోతారు కూడా.

రెండో తప్పు వీధిచివరి ఆర్‌ఎంపీ దగ్గర జరుగుతుంది. నీరసంగా ఉన్నాడని గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తారు. ఏళ్ల తరబడి తాగేవాళ్లకి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా చక్కెర ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనబడటం, నడక తూలడం, మతిమరుపు. అది శాశ్వతంగా మిగిలిపోవచ్చు. థయమిన్ ఇంజెక్షన్ ముందు, గ్లూకోజ్ తర్వాత. ఈ ఒక్క వాక్యం ఇంట్లోవాళ్లకి కాగితం మీద రాసివ్వండి.

కాబట్టి క్రమం తిప్పండి. మాలకి పది రోజుల ముందే జిల్లా ఆసుపత్రి మానసిక విభాగంలోనో, డీ-అడిక్షన్ సెంటర్లోనో చేర్చి, వారం పాటు విరమణ లక్షణాలు తగ్గే మందులిచ్చి, అవి తగ్గాక మాల వేయండి. అప్పుడు దీక్ష నిజంగానే పనిచేస్తుంది. చుట్టూ తాగనివాళ్లు ముప్పై మంది, పొద్దునా సాయంత్రం రావాల్సిన చోటు, నల్లబట్టలు చూసి గ్లాసు అందించని పాత స్నేహితులు. ఇంత మంచి ఏర్పాటు ఏ ఆసుపత్రీ చేయలేదు.

అది మాల తీసిన రోజున కుప్పకూలుతుంది. "విరమణ పార్టీ" సంగతి మీకు తెలియనిది కాదు. నలభై రెండో రోజు సాయంత్రం ఎక్కడుంటాడు, ఎవరితో ఉంటాడు అన్నది ముప్పయ్యో రోజుకే తేల్చండి. ఆ తర్వాత మూడు నెలలు భజనకి రావడానికి ఒక పని అప్పగించండి, తాళం చెవులో, మైకు సెట్టో. తాగాలన్న కోరిక తగ్గించే మందులున్నాయి (నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్), కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చూసి డాక్టరు రాస్తారు. అన్నంలో తెలియకుండా బిళ్ల కలిపిపెట్టే పని మాత్రం ఎవరూ చేయొద్దు. డైసల్ఫిరామ్ తెలియకుండా ఇచ్చినప్పుడు అతను తాగితే బీపీ పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది.

---

కౌన్సెలింగ్_కుర్చీ:

పెద్దాయన గురించి, ఆ కుర్రాడి గురించి.

పెద్దాయన "దేవుడంటే ఏమీ అనిపించట్లేదు" అన్న మాటని పిల్లలు నాస్తికత్వం అనుకుంటున్నారు. ఒక్కటి అడిగి చూడండి: కాఫీ రుచి తెలుస్తోందా? మనవడు ఒళ్లో కూర్చుంటే ఏమనిపిస్తోంది? అక్కడా "ఏమీ లేదు" అంటే పోయింది నమ్మకం కాదు. ఏదైనా అనిపించే శక్తే డిప్రెషన్‌లో అణిగిపోయింది. దేవుడు ఆ జాబితాలో ఒకడు. ఆ మాట ఆయనకి చెప్తే కాస్త ఊపిరి పీల్చుకుంటారు, ఎందుకంటే "ఇన్నేళ్ల పూజ ఇంతేనా" అన్న సిగ్గు కూడా లోపల మోస్తుంటారు. చికిత్సలో మామూలుగా ముందు నిద్ర, ఆకలి దారికొస్తాయి. మనసుకి పట్టడం ఆలస్యంగా వస్తుంది, పూజ మీద ఇష్టం కూడా అప్పుడే.

ఆయనకి ఈ ఏడాది మాల వద్దు. బలవంతంగా వేస్తే నియమం తప్పిన ప్రతిసారీ దాన్ని ఆయన తన నేరాల చిట్టాలో రాసుకుంటారు. బదులుగా ఒక పని ఇవ్వండి. రోజూ పదకొండున్నరకి పీఠానికి వచ్చి భిక్షకి విస్తళ్లు వేయడం, నీళ్లు పోయడం. గంట చాలు. "ఎలా ఉంది బాబాయ్" అని అడగొద్దు, "బాబాయ్, ఇరవై విస్తళ్లు తక్కువ పడ్డాయి" అని ఫోన్ చేయండి. మనసు బాగుంటే పనికి వెళ్దామనుకుంటే ఎప్పటికీ వెళ్లరు. పనికి వెళ్తే మనసు దాని వెనక మెల్లగా వస్తుంది. ఇంట్లో పూజ కూడా అలాగే కుదించండి. భార్య చేసినట్టు గంటన్నర చేయాలనుకుంటే మొదలే కాదు. ఒక వత్తి, ఒక అగ్గిపుల్ల, రెండు నిమిషాలు.

పీఠంలో ఆడవాళ్లు, మగవాళ్లు అందరికీ చెప్పి ఉంచాల్సింది ఒకటుంది. "పుణ్యస్త్రీ, ముత్తైదువగా పోయింది, అదృష్టవంతురాలు" అనే మాట ఆయన ముందు అనొద్దు. ఊరట అనుకునే అంటాం. ఆయనకి వినబడేది "నువ్వు ఉండిపోవడం దురదృష్టం" అని. ఆమె పేరు పలికి, ఆమె చేసే పులిహోర గురించో, ముగ్గు గురించో మాట్లాడండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

కుర్రాడిది ఓసీడీ లక్షణం లాగే ఉంది, సైకియాట్రిస్టు నిర్ధారించాలి. భక్తి నియమానికీ దీనికీ తేడా తేలిగ్గా పట్టుకోవచ్చు. నియమం పూర్తయితే మనసు తేలికపడుతుంది. ఇది పూర్తే కాదు. అనుమానం వచ్చింది, మళ్లీ మొదలుపెట్టాడు, క్షణం హాయి, వెంటనే ఇంకో అనుమానం. మళ్లీ చేసిన ప్రతిసారీ మెదడు నేర్చుకునేది "మళ్లీ చేస్తేనే గండం తప్పింది" అని. అందుకే మూడు గంటలైంది, ఇలాగే వదిలేస్తే ఐదు అవుతుంది.

గురుస్వామి వల్ల జరిగే తప్పు ఏంటంటే, జాలిపడి పదేపదే జవాబివ్వడం. "స్వామీ, ఆ శరణం తప్పు పలికానేమో" అంటే "ఏం పర్లేదు స్వామి" అంటారు. అరగంటకి మళ్లీ అడుగుతాడు. ఆ "ఏం పర్లేదు" కూడా అతనికి ఒక మోతాదు మత్తు లాంటిది. ఒక్కసారి కూర్చుని ఇలా రాసి సంతకం పెట్టి ఇవ్వండి: "శరణాలు ఒక్కసారి చదివితే చాలు. తప్పు పోయినా, మధ్యలో ఆగినా, అనుమానం వచ్చినా ముందుకే చదవాలి, వెనక్కి వెళ్లకూడదు. ఇది గురువు ఆజ్ఞ." తర్వాత ఎప్పుడు అడిగినా "కాగితం చూడు స్వామి" అనడమే. ఇంట్లోవాళ్లూ అదే మాట. మొదటి వారం కోపం, ఏడుపు ఎక్కువవుతాయి, అక్కడే ఇంట్లోవాళ్లు కరిగిపోతారు.

చికిత్స కూడా ఈ దారినే సాగుతుంది. భయపెట్టే పనులని తక్కువ నుంచి ఎక్కువకి మెట్లుగా రాయిస్తారు. శరణం ఒకటి కావాలని తప్పుగా పలికి వదిలేయడం నూటికి ఇరవై మార్కుల భయం అనుకోండి. స్నానం చేశాక తమ్ముడు ముట్టుకున్నా పూజకి కూర్చోవడం యాభై. వత్తి సరిగా వేశానో లేదోనన్న అనుమానంతోనే దీపం వెలిగించి లేచిపోవడం డెబ్బై. కింది మెట్టు చేసి, సరిదిద్దకుండా, మళ్లీ స్నానం చేయకుండా ముప్పావుగంట కూర్చోవాలి. ఆందోళన పైకి ఎగసి, దానంతటదే దిగుతుంది. అదే మెట్టు నాలుగైదు రోజులు, తర్వాత పై మెట్టు. మందులు వాడితే డిప్రెషన్‌కి ఇచ్చేదానికన్నా ఎక్కువ మోతాదు పడుతుంది, 8 నుంచి 12 వారాలు ఆగి చూడాలి. నెలలోనే "పనిచేయలేదు" అని మానేసేవాళ్లే ఎక్కువ.

ఈ అబ్బాయికి ఇప్పుడు మాల వేస్తే మడి, మైల, అంటు అన్నీ కొత్త అనుమానాలకి దారులవుతాయి. చికిత్స మొదలై, మూడు గంటల పూజ నలభై నిమిషాలకి దిగాక వేయండి. వచ్చే ఏడాది అంటే కొండ ఎక్కడికీ పోదు.

---

రాత్రి_డ్యూటీ_నర్సు:

ఇదంతా మాలకి మాత్రమే కాదు. మా చర్చిల్లో శ్రమదినాల నలభై రోజులు, ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థనలు, తెల్లవార్లూ జరిగే ప్రార్థనలు ఉంటాయి. బైపోలార్ ఉన్నవాళ్లకి తిండి కన్నా ఆ తెల్లవార్లూ మేలుకోవడమే ముందు దెబ్బ కొడుతుంది. ఒక్క రాత్రి నిద్ర లేకపోతే మేనియా (ఆ మితిమీరిన హుషారు దశ) తిరగబెట్టొచ్చు. పది గంటలకి ఇంటికి పంపేయాలి. "మందులు వేసుకుంటే విశ్వాసం లేనట్టా" అని అడిగేవాళ్లకి మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చూపిస్తే చాలు. ఏలీయా బదరీ వృక్షం కింద కూర్చుని చావు కోరుకుంటాడు. దూత వచ్చి ప్రసంగం చేయడు, గద్దించడు. తట్టి లేపి తినమంటాడు. కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు. తిని మళ్లీ పడుకుంటాడు, మళ్లీ లేపి తినమంటాడు. దేవుడి స్వరం వినబడేది ఆ తర్వాతే.

రంజాన్‌లో లిథియం వాడేవాళ్లకి మందుల_చీటీ గారు రాసిందంతా ఇంకా గట్టిగా వర్తిస్తుంది, పగలంతా నీళ్లు కూడా ఉండవు కనుక. ఖురాన్ రెండో సూరా 184, 185 ఆయతుల్లో రోగికి రోజా మినహాయింపు నేరుగా ఉంది. తర్వాత రోజుల్లో లెక్క పూర్తి చేయొచ్చు, ఎప్పటికీ కుదరనివాళ్లకి ఫిద్యా, అంటే పేదలకి అన్నం పెట్టడం. గుజరాత్‌లో ఉనావా మీరా దాతార్ దర్గా దగ్గర "దవా-దువా" (మందు, ప్రార్థన) పేరుతో దర్గా ఆవరణలోనే సైకియాట్రీ వైద్యం అందించారు. ముజావర్లే (దర్గా సేవకులే) రోగిని డాక్టరు దగ్గరికి పంపేవారు. మన గుళ్ల దగ్గర, పీఠాల దగ్గర అలాంటిది పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు.

---

పీఠం_పనిమనిషి:

అందరికీ దండాలు. పెద్దాయనకి విస్తళ్ల పని రేపటి నుంచే. తాగే అతని అన్నతో మాట్లాడాను, ముందు ఆసుపత్రికి ఒప్పుకున్నారు.

ఇంకో రెండు. పడిపూజలో కొందరికి పూనకం వస్తుంది. అది జబ్బో కాదో మాకెలా తెలియాలి? రెండోది, పెద్దాయన ఒకసారి "నేనూ ఆమె దగ్గరికే పోతే బాగుండు" అన్నారట. దాన్ని కదిలించాలా, వదిలేయాలా? అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని భయం.

---

కౌన్సెలింగ్_కుర్చీ:

కదిలించాలి, ఈరోజే. అడగడం వల్ల ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది చెప్పుకునే వీలు దొరుకుతుంది. డొంకతిరుగుడు వద్దు. "బాబాయ్, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అనే అడగండి. "అవును" అంటే "ఎలాగో ఆలోచించారా? ఎప్పుడని అనుకున్నారా?" అని అడగండి. దారి, సమయం రెండూ ఆలోచించి ఉంటే ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఊరవతలికి పంపేయండి, క్లోనజెపామ్ స్ట్రిప్పులు కొడుకు దగ్గర పెట్టుకుని ఏ పూటది ఆ పూట ఇవ్వండి. డిప్రెషన్ మందులు మొదలుపెట్టినా, మోతాదు మార్చినా మొదటి కొన్ని వారాలు కన్నేసి ఉంచండి. దిగులు పోకముందే ఒంట్లో ఓపిక వస్తుంది, ప్రమాదం అక్కడ. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నోటీసు బోర్డు మీద అన్నదానం వివరాల పక్కన రాయించండి. కేసు అవుతుందని దాచిపెట్టే ఇళ్లుంటాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు.

పూనకం గురించి: అది వచ్చే చోటు, సమయం ఉంటాయి. పాట, డప్పు, హారతి. వస్తుంది, హారతి చల్లారాక పోతుంది, మనిషి నీళ్లు తాగి మామూలు మాటల్లో పడతాడు, మర్నాడు పనికి వెళ్తాడు. దానికి డాక్టరు అక్కర్లేదు. పూజ అయిపోయినా తగ్గకపోతే, బస్టాండులో, ఆఫీసులో కూడా స్వామి తనతోనే మాట్లాడుతున్నాడంటుంటే, రెండు రాత్రులు మూడు గంటలే పడుకుని అలసటే లేకుండా తిరుగుతుంటే, బీరువాలో డబ్బు తీసి పంచిపెడుతుంటే అది వేరే. లిథియం అతనిలో ఇవి మొదలైతే హారతి ముందు నుంచి మెల్లగా బయటికి తీసుకొచ్చి, ఆ రాత్రే డాక్టరుకి ఫోన్ చేయండి. కట్టేయడం, గదిలో గొలుసు వేయడం మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు. అదే చట్టం 95వ సెక్షన్ గొలుసులు నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో పాకలకి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టి ఉన్న రోగులు కదల్లేక కాలిపోయారు, ఇరవై ఐదు మందికి పైనే.

---

నీలిమల_నడక:

యాత్ర సంగతి ఒకటి మిగిలింది. మందులు ఇరుముడిలో పెట్టొద్దు. కట్టాక సన్నిధానం దాకా విప్పరు, పూట తప్పుతుంది. భుజాన వేసుకునే సంచిలో, ప్లాస్టిక్ కవరులో పెట్టండి, తడవకుండా. వెళ్లిరావడానికి ఎన్ని రోజులో లెక్కేసి ఇంకో వారానికి సరిపడా అదనంగా. చీటీ అసలుది ఒకరి దగ్గర, ఫొటో ఇంకో ఇద్దరి ఫోన్లలో. క్లోనజెపామ్ లాంటివి చీటీ లేకుండా దారిలో ఏ షాపులోనూ ఇవ్వరు. బస్సులో లిథియం అతని పక్క సీటు ఎవరిదో బయల్దేరే ముందే రాసుకోండి, ఆ మనిషికి వణుకు ఎలా ఉంటే పెద్దదో ఒకసారి చూపించండి. పంబ దగ్గర గుంపులో మనుషులు విడిపోతారు, అందుకని అతని చొక్కా జేబులో ఒక చీటీ: పేరు, లిథియం 900, ఇంటి నంబరు, "డైక్లోఫెనాక్ ఇవ్వకండి".